మెట్రిక్ రెండుసార్లు తప్పిన సుబ్బారావు, మన పిల్లల ఊపిరి



చలి మొదలైతే మౌలాలిలో ఉదయాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. గుట్ట మీద పొగమంచు, కింద రోడ్డు మీద దుమ్ము, స్కూల్ ఆటో దిగే పిల్లల్లో చాలామందికి ముక్కు దిబ్బడ. ఈ నెలల్లో క్లాస్ టీచర్ల చేతికొచ్చే సెలవు చీటీల్లో జలుబు, దగ్గు, జ్వరం అన్న మాటలే ఎక్కువ. ఎప్పుడో ఒక చీటీలో న్యుమోనియా అని ఉంటుంది. ఆ ఇంట్లోవాళ్ళ చేతిలో ఒక ఎక్స్‌రే ఫిల్ము, ఒక రక్తపరీక్ష రిపోర్టు, మందుల చీటీ ఉంటాయి. వాటిలో ఏముందో అర్థంకాక కంగారు పడతారు.

ఆ కంగారు తగ్గాలంటే ఆ కాగితాల వెనక ఉన్న కథ కొంత తెలియాలి. అందుకే ఈ నెల మీ కోసం ఒక జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మీ పిల్లల సైన్సు పాఠంలో ఏటీపీ అన్న మాట వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా గర్భిణిగా ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకునే ఉంటారు. ఆ రెండింటి వెనకా ఈయన ఉన్నారు. న్యుమోనియా లాంటి జబ్బుల మీద వైద్యుల చేతికొచ్చిన తొలితరం యాంటీబయాటిక్‌లలో ఒకటి ఈయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చింది.

ఒకే ఏడాది, రెండు పుట్టుకలు

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి భీమవరంలో పుట్టారు. అదే ఏడాది నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టారు. అంతకుముందు వరకు ఛాతీ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి వైద్యుడికి చెవి, చెయ్యి, స్టెతస్కోపు తప్ప ఇంకేమీ లేవు. వీపు మీద వేళ్ళతో తట్టి, ఎక్కడ డొల్ల శబ్దం వస్తోందో, ఎక్కడ మొద్దుగా వినిపిస్తోందో గమనించి, ఊపిరితిత్తి ఎక్కడ గట్టిపడిందో ఊహించేవారు.

సుబ్బారావు తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవాల్సి రావడంతో ఇంట్లో ఇబ్బందులు మొదలయ్యాయి. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగోవాడు. చదువు మీద మనసు నిలవలేదు. 13 ఏళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరాడు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు.

రాజమహేంద్రవరంలో మెట్రిక్ రాస్తే తప్పాడు. మళ్ళీ రాస్తే మళ్ళీ తప్పాడు. మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. మన దగ్గర యూనిట్ టెస్టు మార్కులు తగ్గితేనే ఇల్లంతా మూగబోతుంది. కాబట్టి ఈ సంగతి మీ పిల్లలకు ఒక్కసారి చెప్పండి. చదివి ఊరుకోకుండా వాళ్ళ పక్కన కూర్చుని చెప్పండి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయనకు సన్యాసం వైపు మనసు లాగింది. తల్లి ఒప్పుకోలేదు. జనానికి సేవ చేయడానికి వైద్యం కూడా ఒక దారే అని పెద్దలు నచ్చజెప్పాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఆదుకున్నారు. తర్వాత ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరి గారినే పెళ్ళి చేసుకున్నారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరుతో కుట్టిన సర్జరీ కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళడం ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చారు.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆ రోజుల్లో స్ప్రూ అనే జబ్బు ఆ కుటుంబాన్ని కుదిపేసింది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలుచబడుతుంది, మనిషి రోజురోజుకూ కరిగిపోతాడు. దానికి అన్నదమ్ములు బలయ్యారు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఆ తర్వాత వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషికి ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఒకే జబ్బు ఒకరిని తీసుకుపోయింది, ఇంకొకరిని వదిలిపెట్టింది. శరీరం లోపల దేని కొరత వల్ల మనిషి ఓడిపోతున్నాడు? ఆ కొరతను ఏది తీర్చగలదు? ఆయన తర్వాతి పాతికేళ్ళ పని అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1920ల తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్ చేరారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆయన సముద్రాల అవతల ఉండగానే వారి పసిబిడ్డ కన్నుమూశాడు. శేషగిరి గారు ఆయన్ను మళ్ళీ చూడలేదు. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇలాంటి లెక్కలు కూడా ఉంటాయి. వాటిని దాచి చెప్పడం న్యాయం కాదు.

హార్వర్డ్‌లో, రాత్రి డ్యూటీ

హార్వర్డ్‌లో సీటు దొరికింది గానీ స్కాలర్‌షిప్ లేదు. మన దేశపు పట్టాతో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో వార్డు బాయ్ పని. బెడ్‌పాన్లు కడిగి ఆ జీతంతో బతికారు. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు.

1925లో వీరిద్దరూ రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దాన్ని తరతరాల విద్యార్థులు ల్యాబుల్లో నేర్చుకున్నారు. ఆ కొలత చేతిలో ఉండటంతో 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ వేరుచేసి చూపించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

ఏటీపీకీ న్యుమోనియాకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. శరీరంలో ప్రతి కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు ఏటీపీ. న్యుమోనియా వచ్చిన పిల్లవాడు నిమిషానికి యాభై అరవై సార్లు ఊపిరి తీస్తున్నాడంటే వాడి ఛాతీ కండరాలు ఆగకుండా పరుగెత్తుతున్నట్టే లెక్క. సూక్ష్మజీవులను వెంటాడి మింగే తెల్ల రక్తకణాలకు కూడా ఆ చిల్లరే కావాలి. అందుకే జబ్బు పిల్లవాడిని పస్తు పెట్టవద్దని, కొంచెం కొంచెంగా, తరచుగా తినిపించమని, పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపవద్దని డాక్టర్లు చెబుతారు.

ఊపిరితిత్తిలో జరిగే యుద్ధం

న్యుమోనియా తెచ్చే ముఖ్యమైన బాక్టీరియా న్యుమోకాకస్. చిత్రమేమిటంటే ఆరోగ్యంగా ఆడుకునే చాలామంది పిల్లల ముక్కులో, గొంతులో అది ఊరికే ఉంటుంది. మామూలు రోజుల్లో ముక్కులోని చీమిడి, దగ్గు, శ్వాసనాళాల్లోని సన్నటి కేశాలు దాన్ని కిందికి దిగనివ్వవు. వైరస్ జలుబు చేసి ఆ కాపలా బలహీనపడినప్పుడు అది ఊపిరితిత్తుల చివర ఉండే గాలి బుడగల్లోకి జారుతుంది. జలుబు తగ్గుతోంది అనుకున్న నాలుగైదు రోజులకు మళ్ళీ ఎక్కువ జ్వరం రావడం వెనక ఒక్కోసారి ఈ కథే ఉంటుంది.

అక్కడ కాపలా కాసే కణాలు కొన్ని బాక్టీరియాను మింగేస్తాయి. చేతకాకపోతే రసాయనాలు వదిలి సాయం పిలుస్తాయి. ఆ పిలుపు మెదడుకు చేరితే జ్వరం వస్తుంది. రక్తంలోకి చేరితే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు గుంపులుగా పరుగెత్తి వస్తాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరు, కణాలు, చచ్చిన బాక్టీరియా నిండుతాయి. అంటే బిడ్డకు ఊపిరాడకుండా చేసేది బాక్టీరియా ఒక్కటే కాదు. దాన్ని తరిమేందుకు శరీరం తెచ్చిన సేన కూడా చోటు ఆక్రమిస్తుంది.

ఆ పిలుపు కాలేయానికి అందినప్పుడు అది సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మీ రిపోర్టులో కనిపించే సీఆర్‌పీ అదే. సుబ్బారావు పీహెచ్‌డీ పొందిన 1930లోనే న్యూయార్క్‌లో ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తంలో దాన్ని గుర్తించారు. పేరులోని సీ అన్న అక్షరం న్యుమోకాకస్ గోడలోని ఒక చక్కెర పదార్థం పేరు నుంచి వచ్చింది. ఆ సంఖ్య ఎక్కువగా ఉంటే ఒంట్లో పెద్ద పోరాటం జరుగుతోందని అర్థం. అది ఎవరితో జరుగుతోందో ఆ సంఖ్య ఒక్కటే చెప్పలేదు. కొన్ని వైరస్ జబ్బుల్లోనూ అది పెరుగుతుంది.

ఇక ఎక్స్‌రే. ఫిల్ములో గాలి నల్లగా, ఎముక తెల్లగా కనిపిస్తుంది. ఊపిరితిత్తి నిండా గాలి కాబట్టి మామూలుగా నల్లగానే ఉండాలి. బుడగల్లో నీరు నిండిన చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది. రిపోర్టులో కన్సాలిడేషన్ అని రాసేది దాన్నే. చిన్నపిల్లల్లో అది ఒక్కోసారి గుండ్రంగా బంతిలా కనిపించి పెద్దవాళ్ళను భయపెడుతుంది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య నీరు చేరితే ఎఫ్యూజన్ అంటారు. ఆ నీరు ఎంత ఉందో, చిక్కబడిందో లేదో చూడటానికి ఇప్పుడు అల్ట్రాసౌండ్ వాడుతున్నారు.

మీరు మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. తేలికపాటి న్యుమోనియాకు ప్రతిసారీ ఎక్స్‌రే అవసరం లేదు. బిడ్డను చూసి, ఊపిరి లెక్కపెట్టి, ఛాతీ విని డాక్టర్ చికిత్స మొదలుపెట్టవచ్చు. ఎక్స్‌రే చూసి ఇది బాక్టీరియా, ఇది వైరస్ అని ఖాయంగా చెప్పడం కష్టం. బిడ్డ కోలుకుని ఆడుకుంటున్నా ఫిల్ములో మచ్చ కొన్ని వారాలు నిలవవచ్చు. అందుకని పూర్తిగా తేరుకున్న ప్రతి పిల్లవాడికీ మళ్ళీ ఎక్స్‌రే తీయించమని మీరు పట్టుబట్టనక్కర్లేదు. ఏది కావాలో బిడ్డను చూసిన డాక్టర్ చెబుతారు.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్ళు

హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. న్యుమోనియా ఆ సంస్థకు పాత శత్రువే. యాంటీబయాటిక్‌లు లేని రోజుల్లో జంతువులకు న్యుమోకాకస్ ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను సీరం రూపంలో రోగులకు ఇచ్చేవారు. ఆ సీరం తయారుచేసిన సంస్థల్లో లెడర్లీ ఒకటి. చిక్కేమిటంటే న్యుమోకాకస్ ఒకటి కాదు, దానికి ఎన్నో రకాలున్నాయి. ఒక రకం సీరం ఇంకో రకానికి పనిచేయదు. ముందు రకం తేల్చాలి, తర్వాత సీరం వెతకాలి. ఆ లోపు రోగి పరిస్థితి చేయిదాటిపోయేది.

సుబ్బారావు మొదట తన పాత ప్రశ్న దగ్గరికే వెళ్ళారు. కాలేయంలో ఉండే ఏ పదార్థం రక్తాన్ని నిలబెడుతోంది? ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు అది మందుగా పనిచేసింది. అప్పటికి పాతికేళ్ళు గడిచిపోయాయి. పోయినవాళ్ళు తిరిగి రారు. కానీ అదే జబ్బుతో మంచం పట్టిన ఇతరుల అన్నదమ్ములు లేచి కూర్చున్నారు.

ఫోలిక్ యాసిడ్ కొత్త రక్తకణాలు పుట్టడానికి అవసరం. మరి రక్త క్యాన్సర్‌లో చెడ్డ తెల్లకణాలు అదుపు తప్పి పుడుతున్నప్పుడు దాన్ని అడ్డుకుంటే? ఆ ఆలోచనతో బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పనిచేశారు. ఆయనకు అవసరమైన అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకు ఆ మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు మందుల చికిత్స అక్కడ మొదలైంది. గోదావరి జిల్లాల్లో జనాన్ని పీడించిన బోదకాలుకు నేటికీ ప్రభుత్వం పంచే డీఈసీ మాత్ర కూడా 1947లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

బంగారు రంగు మందు

పెనిసిలిన్ వచ్చి న్యుమోనియా చికిత్సను మార్చేసింది. కానీ అది అన్ని బాక్టీరియాల మీదా పనిచేసేది కాదు. ఇంకా విశాలంగా పనిచేసే మందు కోసం లెడర్లీలో మట్టిని వెతికారు. ఈ పనికి సుబ్బారావు బృందంలో చేరినవారు బెంజమిన్ డగ్గర్. ఆయన వృక్షశాస్త్ర ప్రొఫెసర్, యూనివర్సిటీ నుంచి రిటైరై 70 ఏళ్ళు దాటాక అక్కడికి వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పెంచి పరీక్షించారు. మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోని మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని వదిలే ఒక జీవి 1945లో దొరికింది. దాని నుంచి వచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు.

ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మన ఇళ్ళలో చాలా అపోహలు పోతాయి. బాక్టీరియా తనకు కావలసిన ప్రోటీన్లు తయారుచేసుకోకుండా అది అడ్డుపడుతుంది. దాంతో బాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. మిగిలిన వాటిని వెతికి, మింగి, ఊపిరితిత్తిని శుభ్రం చేసే పని బిడ్డ సొంత తెల్లకణాలదే. పెనిసిలిన్ లాంటి మందులు బాక్టీరియాను నేరుగా చంపుతాయి. అయినా నిండిన చెత్తను తోడేసేది శరీరమే. మందు సమయం సంపాదించి ఇస్తుంది. ఆ సమయంలో శరీరం గెలవాలి. అందుకే పోషణ, నిద్ర, చెప్పినన్ని రోజులు మందు, మూడూ కలిసి నడవాలి.

అయితే ఈ మందు కథలో రెండు హెచ్చరికలు కూడా ఉన్నాయి. టెట్రాసైక్లిన్ మందులు ఎదిగే పిల్లల పళ్ళలో చేరి శాశ్వతంగా పసుపు, గోధుమ మరకలు వేస్తాయని తర్వాతి ఏళ్ళలో తేలింది. అందుకని 8 ఏళ్ళలోపు పిల్లలకు వీటిని మామూలుగా వాడరు. పిల్లల న్యుమోనియాకు ఈ రోజు మొదట ఎంచుకునేది సాధారణంగా అమాక్సిసిలిన్. పెద్దవాళ్ళకు రాసిన యాంటీబయాటిక్ మాత్రను సగం విరిచి పిల్లలకు వేయకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

రెండోది, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోళ్ళకు మేతలో కలిపితే అవి త్వరగా బరువు పెరుగుతున్నాయని లెడర్లీ శాస్త్రవేత్తలే 1950లో ప్రకటించారు. ప్రపంచమంతా పశువుల మేతలో యాంటీబయాటిక్ కలపడం మొదలుపెట్టింది. మందును ఎంత విచ్చలవిడిగా వాడితే దాన్ని తట్టుకునే బాక్టీరియా అంతగా పెరుగుతుంది. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ అడిగి రాయించుకోవడం, రెండు రోజులకు జ్వరం తగ్గగానే మిగతా సీసా ఫ్రిజ్‌లో పెట్టి వచ్చే నెల వాడటం కూడా ఆ కోవలోవే.

ఆయన చూడని టీకా

ఆరియోమైసిన్ ప్రకటించిన కొన్ని వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. పేరు కోసం పాకులాడే మనిషి కాదు. డగ్గర్ పేరు ఆరియోమైసిన్‌తో, ఫార్బర్ పేరు క్యాన్సర్ చికిత్సతో నిలిచాయి, సుబ్బారావు పేరు ఆయన సొంత గడ్డ మీదే చాలామందికి ఆలస్యంగా తెలిసింది. తోటి శాస్త్రవేత్తలు ఒక శిలీంద్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టుకున్నారు. శతజయంతి ఏడాది 1995లో మన తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

పెర్ల్ రివర్ కథ మాత్రం ఆగలేదు. సీరం రోజుల నాటి పాత చిక్కు మిగిలే ఉంది. న్యుమోకాకస్ చుట్టూ చక్కెరతో చేసిన జారుడు తొడుగు ఉంటుంది. యాంటీబాడీలు దాని మీద అతుక్కుంటేనే తెల్లకణాలు దాన్ని పట్టుకోగలవు. రెండేళ్ళలోపు పిల్లల శరీరం ఆ చక్కెరను శత్రువుగా సరిగా గుర్తించలేదు. అందుకే న్యుమోనియా పసివాళ్ళనే ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు జతచేసి చూపిస్తే పసిబిడ్డ శరీరం కూడా గుర్తుపట్టి, గుర్తుపెట్టుకుంటుంది. ఈ సూత్రంతో లెడర్లీ వారసత్వ సంస్థ తయారుచేసిన న్యుమోకాకల్ టీకాకు 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మన దేశంలో 2021 నుంచి ఈ పీసీవీ టీకాను దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు మూడు డోసులు. 2022 చివర్లో మన హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఈ సంస్థ తయారుచేసిన 14 రకాల న్యుమోకాకస్ టీకాకు కూడా అనుమతి లభించింది. న్యుమోనియా తెచ్చే ఇంకో బాక్టీరియా, హిబ్, దాని టీకా పెంటావాలెంట్‌లోనే ఉంటుంది. మీ ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే టీకా కార్డు ఈ రోజే తీసి చూడండి. డోసు తప్పి ఉంటే మీ దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్‌లో అడగండి.

ఇంట్లో మీరు చూడవలసినవి

2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళలోపు పిల్లలు ఏడు లక్షల మందికి పైగా న్యుమోనియాతో చనిపోయారు. వేళకు గుర్తుపడితే వీరిలో చాలామంది బతికేవారు. గుర్తుపట్టడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, గడియారం చాలు.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తి ఒక నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, 2 నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా ఎక్కువ వస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బడి వయసు పిల్లల్లో ఒక్కోసారి ఛాతీ నొప్పికి బదులు కడుపునొప్పి అంటారు. ఊపిరితిత్తి కింది భాగంలో జబ్బు ఉంటే అలా అనిపిస్తుంది. ఎక్కువ జ్వరం, దగ్గు, కడుపునొప్పి కలిసి వస్తే స్కూలు ఎగ్గొట్టే సాకు అనుకోవద్దు. ఇంట్లో సిగరెట్ పొగ, మూసిన గదిలో దోమల కాయిల్ పొగ పిల్లల ఊపిరితిత్తుల కాపలాను బలహీనపరుస్తాయి. జబ్బుపడిన బిడ్డను అటెండెన్స్ కోసం బడికి పంపకండి. తప్పిన పాఠాలు చెప్పించే బాధ్యత క్లాస్ టీచర్లది.

ఈ ఆదివారం మీ పిల్లలతో కూర్చుని సుబ్బారావు గారి కథ చెప్పండి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి, ఇల్లు వదిలి పారిపోయిన సంగతి, రాత్రిళ్ళు బెడ్‌పాన్లు కడిగిన సంగతి వదలకుండా చెప్పండి. తర్వాత గడియారం ముందు పెట్టి ఒకరి ఊపిరి ఒకరు లెక్కపెట్టుకోమనండి. ఆట లాగే ఉంటుంది. అవసరమైన రోజున ఆ లెక్క మీ చేతికి అలవాటై ఉంటుంది.